నెట్ వాడకంలో ఇంటి దొంగను పట్టేదెలా?

జూబ్లీహిల్స్: నెల గడవడానికి ఇంకా ఎనిమిది రోజులుంది. ఉదయం దాకా రెప్పపాటులో తెరుచుకున్న వెబ్‌సైట్లు సాయంత్రానికి నత్తనడక పట్టాయి. పథకంలోని డేటా పరిమితి పూర్తయిందని, ఇకపై వేగం తగ్గుతుందని సెల్‌ఫోన్‌కు సందేశం వచ్చింది. ఇంట్లో ఒక్కొక్కరినీ అడిగితే ఎవరికి వారు తామేమీ వాడలేదనే చెబుతారు. బ్రాడ్‌బ్యాండ్ సంస్థ వెబ్‌సైట్లోకి వెళ్లి చూస్తే ఇన్ని జీబీలు వచ్చాయి, ఇన్ని పోయాయి అన్న మొత్తం తప్ప మరేమీ కనిపించదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల్లోని పెద్ద ఇళ్లలో ఈ చిక్కు మరికాస్త ఎక్కువ. పై అంతస్తులో నివాసం, కింద ఎడిటింగ్ గదో, కథాచర్చలు సాగే కార్యాలయమో ఉండడం ఇక్కడ మామూలే. గేటు నుంచి మేడ దాకా నిఘా కెమెరాలు, గదికో స్మార్ట్ టీవీ, పిల్లల గేమ్ కన్సోళ్లు, ఇంట్లో పనిచేసే వారి సెల్‌ఫోన్లు.. అన్నీ ఒకే తీగ మీద నడుస్తాయి. జలమండలి మీటరు ఇంట్లోకి ఎన్ని కిలోలీటర్ల నీరు వచ్చిందో చెబుతుంది గానీ, అది తోటకు పోయిందా, కారు కడగడానికి పోయిందా, సంపు పగుళ్లలోంచి నేలలోకి ఇంకిందా అన్నది చెప్పదు. బ్రాడ్‌బ్యాండ్ సంస్థ లెక్కా అలాంటిదే.

ఏ పరికరం ఎంత వాడింది, అందులో ఏ యాప్ ఎంత వాడింది, ఆ డేటా ఎక్కడికి వెళ్లింది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం ఇంట్లోనే వెతుక్కోవాలి. మొదటి దానికి సమాధానం సులభంగానే దొరుకుతుంది. రెండో దానికి కొంత శ్రమ కావాలి. మూడో దానికి పాక్షికంగానే దొరుకుతుంది. ఈ తేడా తెలియక వేలు పోసి పరికరాలు కొని నిరాశపడిన గృహస్థులు తక్కువేమీ కాదు.

ఒక్కో ఎంబీకీ లెక్క చూసిన రోజులు

రాష్ట్ర ప్రజలకు ఈ లెక్కల బాధ కొత్తది కాదు. దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ అందించినప్పుడు కొలత గంటల్లో ఉండేది. ఫోను లైను ద్వారా ఎంతసేపు కలిపి ఉంచితే అంత ఖర్చు. 2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించి, కనీస వేగం 256 కేబీపీఎస్ ఉండాలని నిర్దేశించింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ సేవలు మొదలయ్యాక గంటల స్థానంలో మెగాబైట్లు వచ్చాయి. చిన్న పథకాల్లో నెలకు 400 ఎంబీ పరిమితి ఉండేది. అది దాటితే ప్రతి ఎంబీకీ విడిగా రుసుము పడేది. కొన్ని పథకాల్లో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 గంటల వరకు లెక్క లేకుండా వాడుకునే వెసులుబాటు ఇవ్వడంతో, డౌన్‌లోడ్ల కోసం తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచిన విద్యార్థులు ఎందరో.

256 కేబీపీఎస్ వేగంతో 400 ఎంబీ అయిపోవడానికి ఎడతెరిపి లేకుండా దింపినా దాదాపు మూడున్నర గంటలు పట్టేది. 2007 ఆరంభంలో వేగం 2 ఎంబీపీఎస్ దాకా పెరిగింది. అదే 400 ఎంబీ 27 నిమిషాల్లో ఖాళీ అయ్యే స్థితి వచ్చింది. వేగం పెరిగిందని సంతోషించినవారే నెలాఖరున బిల్లు చూసి కంగుతిన్నారు. అప్పట్లో డీయూ మీటర్ వంటి చిన్న సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్ తెర మూలన కూర్చుని వచ్చిన, పోయిన బైట్లను చూపేవి. ఇంటికి ఒకే కంప్యూటర్ ఉన్న రోజులు కనుక కంప్యూటర్ లెక్కే ఇంటి లెక్క. ఇప్పుడు ఆ సౌలభ్యం లేదు.

వేగం పెరిగే కొద్దీ పరిమితి త్వరగా కరిగిపోతుందన్న సూత్రం మాత్రం మారలేదు. 2017 మార్చిలో ఏసీటీ సంస్థ హైదరాబాద్‌లో 1 జీబీపీఎస్ సేవను ప్రారంభించినప్పుడు ఆ పథకానికి నెలకు 1 టీబీ పరిమితి ఉంది. పూర్తి వేగంతో వాడితే ఆ టెరాబైటు 2 గంటల 13 నిమిషాల్లో అయిపోతుంది. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో రూ.149కి ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ పథకంలో 15 ఎంబీపీఎస్ వేగానికి 5 జీబీ హద్దు ఉండేది. 2020 సెప్టెంబరులో జియోఫైబర్ 'అపరిమిత' పథకాలు అమల్లోకి తెచ్చినప్పుడు కూడా షరతుల్లో నెలకు 3,300 జీబీ అన్న అంకె ఉంది. ఇతర పెద్ద సంస్థలూ ఆ దరిదాపుల్లోనే హద్దులు పెట్టుకున్నాయి. ప్రకటనల్లో అపరిమితం అన్న మాట ఉన్నా షరతుల కాగితం చదవక తప్పదు.

బిట్టు వేరు, బైటు వేరు

కొలతకు ముందు ఒక పొరపాటును సరిదిద్దుకోవాలి. తెలుగులో రెంటినీ 'ఎంబీ' అనే పిలుస్తున్నా, వేగాన్ని మెగాబిట్లలో, పరిమాణాన్ని మెగాబైట్లలో చెబుతారు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. 100 ఎంబీపీఎస్ అంటే క్షణానికి 12.5 మెగాబైట్లు మాత్రమే. బ్యాండ్‌విడ్త్ అన్నది కాలువ వెడల్పు, డేటా అన్నది అందులో పారిన నీరు. సాయంత్రం వేళ అందరూ ఒకేసారి కూర్చుంటే వెడల్పు చాలక వేగం తగ్గవచ్చు. పరిమితి అయిపోయినా తగ్గవచ్చు. బయట తీగ తెగినా ఆగిపోవచ్చు. 2025 ఆగస్టులో రామంతాపూర్ విద్యుదాఘాత దుర్ఘటన తర్వాత నగరంలో స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను తొలగించినప్పుడు చాలా ఇళ్లలో ఇంటర్నెట్ నిలిచిపోయింది. తప్పు ఇంట్లో ఉందా, వీధిలో ఉందా అన్నది తేలకుండా పిల్లల మీద కేకలేయడంలో అర్థం లేదు.

రోజుకు 110 జీబీ ఎవరికి సరిపోదు?

3,300 జీబీని 30 రోజులకు పంచితే రోజుకు 110 జీబీ. సాధారణ కుటుంబానికి ఇది చాలా ఎక్కువ. వార్తలు చదవడం, ఈ-మెయిళ్లు, వాట్సప్ సందేశాలు, బ్యాంకు లావాదేవీలు.. ఇవన్నీ కలిసినా ఇందులో మూలకు రావు. అసలు ఖర్చు బొమ్మలదే. నెట్‌ఫ్లిక్స్ స్వయంగా చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీ దృశ్యానికి గంటకు 3 జీబీ దాకా, 4కె దృశ్యానికి 7 జీబీ దాకా ఖర్చవుతుంది. హాలులోని పెద్ద టీవీలో రోజుకు నాలుగు గంటలు 4కెలో చూస్తే నెలకు 840 జీబీ. టీవీ ఆపి, దానికి తగిలించిన బాక్సును ఆపకపోతే కొన్ని యాప్‌లు చీకటి తెర వెనుక బొమ్మను దింపుకుంటూనే ఉంటాయి.

ఇంతకన్నా నిశ్శబ్దంగా తినేసేవి కెమెరాలు. ఈ ప్రాంతంలో వాటికి కొదవ లేదు. వందమందికి పైగా వచ్చిపోయే సంస్థలు కెమెరాలు పెట్టి, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజాభద్రత చట్టం వచ్చింది. ఇళ్లు, కాలనీలు కూడా కెమెరాలు పెట్టుకునేలా పోలీసులు 'నేను సైతం' పేరిట ప్రోత్సహించారు. కెమెరా దృశ్యాలు ఇంట్లోని రికార్డర్‌లోనే నిల్వ అయితే ఇంటర్నెట్‌కు భారం లేదు. కానీ ఇటీవలి కెమెరాల్లో కొన్ని దృశ్యాన్ని నేరుగా క్లౌడ్‌కు పంపుతాయి. సగటున 2 ఎంబీపీఎస్ చొప్పున ఆగకుండా పంపే ఒక్క కెమెరా రోజుకు 21.6 జీబీ, నెలకు 648 జీబీ తీసుకుంటుంది. అలాంటివి ఐదుంటే 3,240 జీబీ. ఇంట్లో ఎవరూ ఒక్క సినిమా చూడకపోయినా నెల పరిమితి దాదాపు అయిపోయినట్టే. కదలిక కనిపించినప్పుడే పంపేలా అమరిక మార్చితే ఇందులో అధిక భాగం మిగులుతుంది. పైగా ఇది అప్‌లోడ్ లెక్క. చాలామంది డౌన్‌లోడ్ అంకెను మాత్రమే చూసి అంతా సవ్యంగా ఉందనుకుంటారు.

కంప్యూటర్లూ తక్కువ తినవు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు, తాను దింపుకున్న అప్‌డేట్‌ను ఇంటర్నెట్‌లోని ఇతర కంప్యూటర్లకూ పంచే ఏర్పాటు హోమ్, ప్రో రకాల్లో ముందే ఆన్ చేసి ఉండేది. యజమానికి తెలియకుండా అతని తీగ మీద ఊరందరికీ సేవ జరిగింది. సెట్టింగ్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ కింద దాన్ని ఇప్పటికీ తనిఖీ చేసుకోవచ్చు. ఫోటోలు, వీడియోలు క్లౌడ్‌కు చేర్చే యాప్‌లు, వందల జీబీల గేమ్‌లను రాత్రికి రాత్రే నవీకరించుకునే కన్సోళ్లు కూడా అనుమానితుల జాబితాలో ఉండాల్సినవే.

ముందుగా పరికరంలోనే వెతకాలి

యాప్‌లవారీ లెక్కకు అత్యంత నమ్మకమైన చోటు ఆ యాప్ నడిచే పరికరమే. ఏ ప్రోగ్రామ్ ఏ బైటును అడిగిందో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుసు, రౌటర్‌కు తెలియదు. విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ కింద డేటా యూసేజ్ పుటలో గత 30 రోజుల్లో ఏ ప్రోగ్రామ్ ఎంత వాడిందో కనిపిస్తుంది. ఆ క్షణాన ఏది ఎవరితో మాట్లాడుతోందో చూడాలంటే రిసోర్స్ మానిటర్ ఉంది. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్, లైనక్స్‌లో నెట్‌హాగ్స్ ఆ పని చేస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్లు వైఫై వాడకాన్ని యాప్‌లవారీగా విడదీసి చూపుతాయి. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కనిపించేది ప్రధానంగా మొబైల్ డేటా లెక్కే కాబట్టి ఇంటి వైఫై విషయంలో అది అంతగా ఉపకరించదు.

టీవీలు, కెమెరాలు, కన్సోళ్ల దగ్గర ఈ సదుపాయం అరుదు. వాటి సంగతి రౌటర్ దగ్గరే తేలాలి.

రౌటర్ దగ్గర కాపలా

సంస్థలు ఉచితంగా ఇచ్చే రౌటర్లలో చాలావాటికి కలిసి ఉన్న పరికరాల జాబితా చూపడం తప్ప వాడకం చెప్పడం రాదు. దుకాణాల్లో దొరికే కాస్త ఖరీదైన రౌటర్లు పరికరాలవారీ లెక్క చూపుతాయి. కొన్ని వీడియో, గేమ్, సామాజిక మాధ్యమం అంటూ వర్గీకరిస్తాయి కూడా. సాంకేతిక ఆసక్తి ఉన్నవారికి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. లింక్‌సిస్ 2002 చివర్లో తెచ్చిన డబ్ల్యుఆర్‌టీ54జీ రౌటర్‌లో లైనక్స్ వాడినట్లు బయటపడడంతో, ఆ లైసెన్సు నిబంధనల మేరకు మూల కోడ్‌ను విడుదల చేయాల్సి వచ్చింది. ఆ కోడ్ పునాదిగానే 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ పుట్టింది. ఇందులో ఎన్ఎల్‌బీడబ్ల్యుమాన్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను చేర్చుకుంటే ఏ పరికరం నెలకు ఎన్ని జీబీలు దింపిందో, ఎన్ని పంపిందో పట్టిక రూపంలో వస్తుంది. బిల్లు తేదీ నుంచి బిల్లు తేదీ వరకు లెక్క కట్టేలా దాన్ని అమర్చుకోవచ్చు.

గమ్యం కూడా కావాలంటే 'ఫ్లో' లెక్క అవసరం. సిస్కో సంస్థ 1996లో తెచ్చిన నెట్‌ఫ్లో విధానం దీనికి మూలం. ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు, ఏ పోర్టు ద్వారా, ఏ ప్రోటోకాల్‌తో, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎన్ని బైట్లు వెళ్లాయన్నది ఇందులో ఒక్కో వరుసగా నమోదవుతుంది. మాటలు వినదు, కాల్ వివరాలు మాత్రం రాస్తుంది. వెనకటికి ఎస్టీడీ బిల్లులో ఏ ఊరికి ఎన్ని నిమిషాలు మాట్లాడారో వచ్చినట్లన్న మాట. ఇటలీలో 1998లో మొదలైన ఎన్‌టాప్, దాని తర్వాతి రూపమైన ఎన్‌టాప్‌ఎన్‌జీ ఈ వరుసలను గుదిగుచ్చి గమ్యాలవారీగా, యాప్‌లవారీగా చిత్రపటాలు గీస్తాయి. పాత కంప్యూటర్ ఒకటి ఖాళీగా ఉంటే దాని మీదే నడపవచ్చు.

అయితే దాన్ని ఎక్కడ తగిలించామన్నదే ప్రధానం. ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ వేసి ఇంటి మొత్తాన్ని చూడవచ్చని అనుకునేవారున్నారు. 1998లో ఎథీరియల్‌గా పుట్టి 2006లో పేరు మార్చుకున్న ఆ సాఫ్ట్‌వేర్ గొప్పదే. కానీ స్విచ్చులున్న నెట్‌వర్క్‌లో ఒక ల్యాప్‌టాప్‌కు ప్రధానంగా దాని సొంత రాకపోకలే అందుతాయి. పక్కగది టీవీ సంగతి దానికి తెలియదు. కొలత జరగాల్సింది అందరి దారులూ కలిసే చోట, అంటే ప్రధాన రౌటర్‌లో గానీ, దాని రాకపోకలకు నకలు పంపగల స్విచ్చు వద్ద గానీ.

ఇక్కడే జూబ్లీహిల్స్ ఇళ్ల ప్రత్యేకత అడ్డొస్తుంది. గుట్టల వాలులో రెండు మూడు అంతస్తులుగా, దళసరి కాంక్రీటు గోడలతో కట్టిన ఇళ్లలో ఒక్క రౌటర్ సంకేతం అన్ని గదులకూ అందదు. అందుకని అంతస్తుకో రౌటర్ పెడతారు. రెండో రౌటర్ తనదైన చిరునామాలు పంచుకునే రీతిలో ఉంటే, దాని వెనుకనున్న పది పరికరాలూ మొదటి రౌటర్‌కు ఒకే పరికరంలా కనిపిస్తాయి. 'పై అంతస్తు: 1,900 జీబీ' అన్న లెక్క వల్ల ప్రయోజనం లేదు. అదనపు రౌటర్లను యాక్సెస్ పాయింట్ లేదా బ్రిడ్జ్ రీతిలోకి మార్చితేనే ఒక్కో పరికరం విడిగా కనబడుతుంది.

సెల్‌ఫోన్లు మరో మాయ చేస్తాయి. 2019 నాటి ఆండ్రాయిడ్ 10, 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు గోప్యత కోసం అసలు మ్యాక్ చిరునామాకు బదులు కల్పిత చిరునామాను వాడుతున్నాయి. ఆ చిరునామా మారితే ఒకే ఫోను జాబితాలో ఇద్దరుగా కనిపించవచ్చు. ఇంటి వైఫై వరకు ఆ సదుపాయాన్ని ఆపుకుంటే లెక్క కుదురుతుంది. ఇంకొకటి, వేగం కోసం కొన్ని రౌటర్లలో హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ అనే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ప్యాకెట్లు లెక్కించే ప్రోగ్రామ్‌ను తాకకుండానే దాటిపోతాయి. పట్టికలో అంకెలు ఉన్నట్టుండి తగ్గితే ముందు దీన్నే చూడాలి.

చిరునామా దొరికినా ఊరు దొరకదు

2000 దశకంలో పోర్టు సంఖ్య చూస్తే యాప్ ఏదో ఇట్టే తెలిసేది. 80 అంటే వెబ్‌సైట్, 25 అంటే మెయిల్, 6881 దగ్గర సందడి ఉంటే బిట్‌టొరెంట్ అని ఊహించేవారు. నేడు వీడియో నుంచి బ్యాంకింగ్ దాకా దాదాపు అంతా 443 పోర్టు మీదే, గుప్తలేఖనంతో సాగుతోంది. కవరు పైనున్న చిరునామా తప్ప లోపలి ఉత్తరం కనిపించదు.

ఆ చిరునామా కూడా నేరుగా సంగతి చెప్పదు. నెట్‌ఫ్లిక్స్ 2012లో ప్రారంభించిన ఓపెన్ కనెక్ట్ ఏర్పాటు కింద తన చిత్రాల నకళ్లున్న సర్వర్లను బ్రాడ్‌బ్యాండ్ సంస్థల ప్రాంగణాల్లోనే ఉంచుతుంది. గూగుల్ కూడా యూట్యూబ్ కోసం అలాగే చేస్తుంది. కాబట్టి అమెరికా సంస్థ సినిమా చూసినా డేటా హైదరాబాద్‌లోని సర్వర్ నుంచే రావచ్చు. అకమై, క్లౌడ్‌ఫ్లేర్, అమెజాన్ వంటి సంస్థల సర్వర్లలో వేలాది వెబ్‌సైట్లు కాపురముంటాయి. గమ్యం 'అమెజాన్' అని వచ్చినంత మాత్రాన ఎవరో చీర కొన్నారనుకోనక్కర్లేదు. అది కెమెరా దృశ్యం కావచ్చు, ఓ ప్రభుత్వ సేవ యాప్ కావచ్చు.

ఇంతకంటే ఉపయోగకరమైన ఆధారం డీఎన్ఎస్. ఏ సర్వర్‌కు వెళ్లాలన్నా పరికరం ముందు ఆ పేరుకు చిరునామా ఏమిటని అడుగుతుంది. పై-హోల్ వంటి సాఫ్ట్‌వేర్‌ను చిన్న కంప్యూటర్‌లో నడిపితే ఏ పరికరం ఏ పేరును ఎన్నిసార్లు అడిగిందో నమోదవుతుంది. అడిగిన సమయాన్ని, ఫ్లో పట్టికలోని బైట్లను పక్కపక్కన పెట్టి చూస్తే గమ్యం దాదాపు తేలుతుంది. కానీ 2018లో ప్రమాణంగా వచ్చిన డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ వాడే బ్రౌజర్లు ఆ ప్రశ్నను కూడా గుప్తంగా వేస్తాయి. గుప్తలేఖనం మొదలయ్యే ముందు సర్వర్ పేరు ఒక్కసారి బయటపడే వీలుండేది. దాన్నీ దాచే పద్ధతులు వస్తున్నాయి. 2021లో ప్రమాణమైన క్విక్ ప్రోటోకాల్‌తో పాత విశ్లేషణ పనిముట్లు కొన్ని తడబడుతున్నాయి. ఏ రౌటర్ ప్రకటన అయినా ప్రతి యాప్‌నూ తప్పక గుర్తిస్తామని చెబితే ఆ మాటను సగానికి తగ్గించి నమ్మడం మేలు.

బయటకు పోయే బైట్లపై కన్ను

సినిమా వారికి మాత్రం బిల్లు కంటే పెద్ద భయం వేరే ఉంది. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' చిత్రంలో సుమారు గంటన్నర భాగం విడుదలకు ముందే బయటకు పొక్కింది. అక్టోబరులో రావాల్సిన చిత్రాన్ని సెప్టెంబరు 27నే విడుదల చేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఎడిటింగ్ గదుల్లో జాగ్రత్తలు పెరిగాయి. 2020 లాక్‌డౌన్‌లో ఇళ్ల నుంచే పనులు సాగడంతో చిత్ర దృశ్యాలు ఇంటి వైఫైల మీదకు చేరాయి.

ఎడిటింగ్‌లో వాడే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ రకం ఫైలు పూర్తి హెచ్‌డీలో, క్షణానికి 24 ఫ్రేముల చొప్పున గంటకు 79 జీబీ ఉంటుంది. రెండున్నర గంటల చిత్రం 198 జీబీ దాకా వస్తుంది. అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ అయితే అది బయటకు పోవడానికి 22 గంటలు, 100 ఎంబీపీఎస్ అయితే నాలుగున్నర గంటలకు కాస్త తక్కువ పడుతుంది. అంత పెద్ద ప్రవాహం అప్‌లోడ్ పట్టికలో కొండలా కనిపిస్తుంది. ఎడిటింగ్ కంప్యూటర్ నుంచి రాత్రి 2 గంటలకు, ఎన్నడూ చూడని గమ్యానికి 200 జీబీ పోయిందంటే తెల్లారేలోగా అడగాల్సిన ప్రశ్న అది. అది నిర్మాణ సంస్థ క్లౌడ్ నిల్వకే వెళ్లి ఉండవచ్చు కూడా. అందుకే మామూలు రోజుల్లో ఏ కంప్యూటర్ ఎక్కడికి ఎంత పంపుతుందో రెండు మూడు వారాలు రాసి పెట్టుకుంటేనే అసాధారణం ఏదో తెలుస్తుంది.

ఈ కాపలాకూ హద్దుంది. పెద్ద తెరను సెల్‌ఫోన్‌తో చిత్రించి వాట్సప్‌లో పంపిన నిమిషంన్నర దృశ్యం ఏ పట్టికలోనూ తలెత్తి కనబడదు. పెన్‌డ్రైవ్‌లోనో, డిస్కులోనో జేబులో పెట్టుకుపోయేదాన్ని రౌటర్ ఆపలేదు. హాలీవుడ్ స్టూడియోల సంఘమైన మోషన్ పిక్చర్ అసోసియేషన్ మార్గదర్శకాలు అందుకే చిత్ర దృశ్యాలున్న నెట్‌వర్క్‌ను ఇంటర్నెట్ నుంచే వేరుచేయమంటాయి. ఇంట్లో ఎడిటింగ్ చేసేవారు కనీసం ఆ కంప్యూటర్లను పిల్లల వైఫై, కెమెరాల వైఫై నుంచి విడదీయవచ్చు. చాలా రౌటర్లలోని గెస్ట్ నెట్‌వర్క్ ఇందుకు పనికొస్తుంది.

కెమెరాలను విడదీయడానికి మరో కారణమూ ఉంది. 2016లో మిరాయ్ అనే హానికర సాఫ్ట్‌వేర్ ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌ను మార్చకుండా వదిలేసిన కెమెరాలు, రికార్డర్లలోకి చొరబడి, వాటితోనే ఇతరులపై దాడులు చేయించింది. అదే ఏడాది అక్టోబరు 21న డిన్ అనే డీఎన్ఎస్ సంస్థపై జరిగిన దాడితో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సేవలు గంటల తరబడి స్తంభించాయి. అలా చిక్కిన కెమెరా మామూలుగానే బొమ్మ చూపుతూ ఉంటుంది. దాని గమ్యాల జాబితా ఒక్కటే వాస్తవం చెబుతుంది. తయారీదారు సర్వర్‌తో మాత్రమే మాట్లాడాల్సిన కెమెరా వందల కొత్త చిరునామాలను తట్టడం మొదలుపెడితే ముందు దాన్ని తీగ నుంచి తీసేయాలి. తర్వాతే పాస్‌వర్డ్, సాఫ్ట్‌వేర్ మార్పులు.

ఎవరి గుట్టు ఎంతవరకు?

గమ్యాల పట్టిక చేతికొచ్చాక ఇంటి పెద్దకు ఇంట్లోవారి గురించి చాలా తెలిసిపోతుంది. ఎవరు ఎన్నింటికి పడుకున్నారు, ఎవరు ఏ ఆస్పత్రి వెబ్‌సైట్ చూశారు, ఎవరు కొత్త ఉద్యోగం వెతుకుతున్నారు అన్నది బైట్లు చెబుతాయి. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పిచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సొంత, గృహ అవసరాలకు ఒక వ్యక్తి చేసే పనిని తన పరిధి నుంచి మినహాయించింది. కానీ ఇంట్లోనే కార్యాలయం నడుపుతూ సిబ్బంది వాడకాన్ని నమోదు చేసేవారు ఆ మినహాయింపు తమకూ వర్తిస్తుందని ధీమా పడరాదు. పరిమితి సమస్యను తీర్చడానికి పరికరాలవారీ జీబీలు చాలు. గమ్యాల పట్టిక ఎడిటింగ్ కంప్యూటర్లకు, కెమెరాలకు పెట్టి, మనుషుల ఫోన్లను వదిలేయడమే మర్యాద. పెట్టదలిస్తే పనివారితో సహా అందరికీ ముందుగా చెప్పి పెట్టాలి.

లెక్క కుదరకపోతే..

ఇంటి పట్టిక, సంస్థ పట్టిక అంకెకు అంకె కలవవు. సంస్థలు జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తే, విండోస్ వంటివి 1024 గుణిజాల్లో లెక్కిస్తాయి. ఆ లెక్కన 3,300 జీబీ ఇంట్లో 3,073గా కనిపిస్తుంది. ప్యాకెట్ల తలకట్లు, మళ్లీ మళ్లీ పంపిన ముక్కలు మరికొంత తేడా తెస్తాయి. పది శాతంలోపు తేడాకు తగవు పెట్టుకోవడం వృథా. అంతకు మించితే నిర్ణీత వేళకు రోజూ రెండు అంకెలనూ రాసుకోవాలి. ఒక రాత్రి అన్ని పరికరాలనూ ఆపి, రౌటర్‌ను మాత్రమే ఉంచి, తెల్లవారి సంస్థ లెక్క ఎంత పెరిగిందో చూస్తే చిక్కుముడి సగం విడుతుంది. ఏమీ పెరగకపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో పరికరాన్నీ తిరిగి కలుపుతూ పోతే దొరుకుతాడు. పెరిగితే పక్కింటివారికి వైఫై పాస్‌వర్డ్ తెలిసిందేమో చూసి, దాన్ని మార్చి మరో రాత్రి పరీక్షించాలి.

అప్పటికీ పెరుగుతుంటే ఫిర్యాదు చేయాల్సిందే. పరిమితిలో 50 శాతం, 90 శాతం, 100 శాతం చేరినప్పుడు స్థిర బ్రాడ్‌బ్యాండ్ చందాదారుకు తెలియజేయాలని, పరిమితి దాటాక కూడా డౌన్‌లోడ్ వేగం 512 కేబీపీఎస్‌కు తగ్గరాదని ట్రాయ్ 2016లో సంస్థలను ఆదేశించింది. సందేశాలు ఏ ఫోన్ నంబరుకు వస్తున్నాయో చూసుకోవాలి. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన నంబరు మేనేజరుదో, పాత అద్దెదారుదో అయి ఉండడం ఇక్కడ తరచూ జరిగేదే. ఫిర్యాదును ముందు సంస్థ ఫిర్యాదుల కేంద్రంలో నమోదు చేసి, డాకెట్ నంబరు తీసుకోవాలి. అక్కడ తేలకపోతే అదే సంస్థ అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. రోజువారీ అంకెలు, పరికరాలు ఆపి ఉంచిన రాత్రి తేదీ, వేళలు ఆ కాగితానికి జతచేయాలి.